రేసు మానిన గుర్రం, మానని ఉలవలు: కొన్ని అపోహలు, వాస్తవాలు

"సార్, రేసుగుర్రం సార్. రోజుకి ఐదు కిలోల ఉలవలు ఉడకబెట్టి పెడుతున్నాం. ఏ లోటూ చెయ్యలా. అయినా నిన్నటి నుంచి అడుగు తీసి అడుగు వెయ్యడంలా."

నెల్లూరు, కావలి, ఒంగోలు చుట్టుపక్కల గుర్రాలు చూసే పశువైద్యులకు ఈ ఫోను కొత్తేం కాదు. చెన్నై, బెంగళూరు, హైదరాబాద్ రేసుల నుంచి దిగిపోయిన థరోబ్రెడ్లు (రేసు జాతి గుర్రాలు) చేతులు మారి మారి ఇక్కడి తోటల్లోకీ, పెళ్లి ఊరేగింపుల వాళ్ల కొట్టాల్లోకీ వచ్చి చేరతాయి. కొన్నవాళ్లు వాటిని ప్రాణంగా చూసుకుంటారు. ఎక్కువ గుర్రాలు పాడయ్యేది ఆ ప్రేమతో పెట్టే దాణా వల్లే.

ఎంత పెద్ద కప్పు కొట్టిన గుర్రానికైనా రేసు జీవితం చిన్నది. ఏడాదిన్నరకి జీను అలవాటు చేస్తారు, రెండేళ్లు దాటాక పరుగుకి దించుతారు. ముంబై మహాలక్ష్మిలో జరిగే 2400 మీటర్ల ఇండియన్ డెర్బీ నాలుగేళ్ల గుర్రాలది. ఐదారేళ్లకి చాలావాటి పని అయిపోతుంది. బతికేది మాత్రం పాతికేళ్లు, బాగా చూసుకుంటే ముప్పై. (కాగితాల మీద మన దేశపు రేసుగుర్రాలన్నిటికీ పుట్టినరోజు జనవరి 1. ఏప్రిల్‌లో పుట్టిందానికీ అదే లెక్క. వయసు అడిగేటప్పుడు ఇది గుర్తుంచుకోండి.)

"చాంపియన్ గుర్రం, చాంపియన్ దాణా పెట్టాలి." కొంప ముంచేది ఈ మాటే. రేసులో ఉన్నప్పుడు రోజుకి ఐదారు కిలోల గింజ తిన్నది నిజమే. అదంతా తెల్లవారుజామున చేసే కసరత్తుకి ఖర్చయ్యేది. ఇప్పుడది మామిడిచెట్టు కింద కట్టేసి ఉంది, వారానికొక ఊరేగింపుకి వెళ్తుంది. అదే దాణా ఎక్కడికి పోవాలి?

మన జిల్లాల వాళ్లకి ఒంగోలు గిత్తలను మేపడం వెన్నతో పెట్టిన విద్య. ఆ లెక్కే గుర్రానికీ వేస్తారు. ఎద్దు కడుపులో మేత పులిసే సంచి పేగులకి ముందే ఉంటుంది, వంద లీటర్లు దాటుతుంది. గుర్రానికి ముందున్న పొట్ట ఎనిమిది నుంచి పదిహేను లీటర్లే, పులిసే సంచి వెనక పెద్దపేగులో ఉంటుంది. ఒక్కసారే ఎక్కువ గింజ పడితే చిన్నపేగు అరిగించుకోలేక మిగిలిన పిండిపదార్థాన్ని వెనక్కి తోసేస్తుంది. అక్కడది పులిసి ఆమ్లమవుతుంది, మంచి సూక్ష్మజీవులు చస్తాయి, విషాలు రక్తంలో కలుస్తాయి. ఒకటి రెండు రోజుల్లో ఆ దెబ్బ గిట్టల మీద పడుతుంది. గిట్ట గోడకీ లోపలి ఎముకకీ మధ్య పట్టు వాచి ఊడిపోతుంది. దీన్నే లామినైటిస్ అంటారు. ముదిరితే లోపలి ఎముక కిందికి తిరిగి అరికాలిని పొడుచుకొస్తుంది.

1973లో అమెరికాలో బెల్‌మాంట్ రేసుని 31 లెంగ్తుల (గుర్రం పొడవుల) తేడాతో గెలిచిన సెక్రటేరియట్ అనే గుర్రాన్ని 1989లో, 19వ ఏట, ఈ జబ్బు వల్లే చంపాల్సొచ్చింది. 2006లో అక్కడే కెంటకీ డెర్బీ గెలిచిన బార్బరోకి తర్వాతి రేసులో వెనక కాలు విరిగితే ప్లేటూ 27 స్క్రూలూ వేసి అతికించారు. చివరికి మిగతా కాళ్లకి లామినైటిస్ వచ్చి 2007 జనవరిలో పోయింది. "కాలు విరిగితే కాల్చేయడమే" అనే మాటకి జవాబు కూడా అందులోనే ఉంది. విరిగింది ఒక కాలే అయినా, బరువు మోయాల్సింది మిగిలిన మూడూ.

గుర్తు పట్టడం కష్టం కాదు. ముందు కాళ్లు ముందుకి చాచి, బరువంతా మడమల మీద వేసి వెనక్కి వాలినట్టు నిలబడుతుంది. తిప్పబోతే మొరాయిస్తుంది. గిట్ట వేడిగా ఉంటుంది. గిట్టకి పైనున్న కీలు వెనక, పక్కగా, వేలి కొనతో మెత్తగా నొక్కి చూడండి. బాగున్న గుర్రానికి ఆ నాడి వెతికితే గానీ దొరకదు. జబ్బు చేస్తే వేలిని తన్నుతుంది.

అలా ఉంటే "నడిపిస్తే పట్టు వదులుతుంది" అని తిప్పకండి. ఒక్కో అడుగుకీ లోపలి పట్టు ఇంకాస్త చిరుగుతుంది. గింజ మొత్తం ఆపండి. జానెడు మందాన ఇసుక పోసి దాని మీద నిలబెట్టండి. మోకాలి కింద వరకూ ఐసునీళ్లలో ఉంచండి, ఐసు కరిగే కొద్దీ వేస్తూ రెండు మూడు రోజులు. రొయ్యల లోడ్లు వెళ్లే జిల్లాలో ఐసుకి కరువు లేదు, డాక్టరు వచ్చేలోపు ఒక దిమ్మ తెప్పించుకోవచ్చు. గింజల బస్తా విప్పుకుని తినేసిందని తెలిస్తే కుంటే దాకా ఆగొద్దు. ఐసు బాగా పనిచేసేది అప్పుడే.

మరేం పెట్టాలి? 450 కిలోల గుర్రానికి ఎండుగడ్డి లెక్కన రోజుకి ఏడు నుంచి తొమ్మిది కిలోల మేత, నాలుగైదు విడతలుగా. గట్ల మీది గరిక కోసి ఆరబెడితే అంతకు మించింది లేదు, పురుగుమందు కొట్టిన గట్టు కాకుండా చూసుకోండి. బూజు లేని వేరుశనగ కట్టె కొంచెం, లూసర్న్ మేత దొరికితే కొంచెం. వరిగడ్డి ఒక్కటే పడేస్తే పేగులో ఉండకట్టుకుంటుంది. గింజ అవసరమైతే పూటకి కిలోన్నర దాటకూడదు, మొక్కజొన్న అయితే అరకిలో. ఉలవలు ఉడికించే పెట్టాలి. కొత్తగా కొన్న గుర్రానికి పాత దాణా ఒక్కరోజులో ఆపకండి, పది పదిహేను రోజుల్లో తగ్గించుకుంటూ రండి. రోజుకి 30 గ్రాముల ఉప్పు, నీళ్లు ఎప్పుడూ అందుబాటులో.

"మిల్లు తవుడు బలం, చవక కూడా." తవుడులో కాల్షియం కంటే భాస్వరం పది రెట్లకి పైమాటే. గుర్రానికి కాల్షియమే ఎక్కువ ఉండాలి. దానికి తోడు నేపియర్ గడ్డిలోని ఆక్సలేట్లు ఉన్న కాల్షియాన్ని కూడా పట్టేసుకుంటాయి. నెలల తరబడి ఈ రెండే మేపితే ఎముకల్లోంచి కాల్షియం లాగేసుకుని దవడలు ఉబ్బుతాయి, ఊరికే కుంటుతుంది. ప్రకాశం వైపు సుబాబుల్ రెమ్మలు వేస్తారు. మేకలకి సరే, గుర్రానికి జూలూ తోకా రాలిపోతాయి. కోళ్ల మేత మాత్రం చిటికెడు కూడా వద్దు. అందులో కలిపే మొనెన్సిన్ లాంటి మందు కోడికి రక్ష, గుర్రం గుండెకి విషం.

కడుపునొప్పికి ఆముదమో నువ్వులనూనో గొట్టంతో గొంతులో పోయడం ఇంకో అలవాటు. అది ఊపిరితిత్తుల్లోకి పోతే కడుపునొప్పి తగ్గినా గుర్రం దక్కదు. గుర్రం వాంతి చేసుకోలేదు. పొట్ట ఉబ్బితే పగలడమే. అందుకే డాక్టరు ముక్కులోంచి గొట్టం వేసి ముందు లోపలిది బయటికి తీస్తాడు. నేలని కాలితో గీరడం, పక్కకి తిరిగి పొట్ట చూసుకోవడం, దొర్లడం, లద్దె వెయ్యకపోవడం కనపడితే మేత తీసేసి ఫోను చెయ్యండి. మైపాడు తీరం లాంటి ఇసుక నేలల్లో మేత కింద పోస్తే ఇసుక కూడా లోపలికి పోతుంది. అరడజను లద్దె ఉండలు బకెట్ నీళ్లలో కలిపి కాసేపు ఉంచితే ఇసుక అడుగున పేరుకుని కనపడుతుంది. మేత తొట్టిలో పెట్టండి, సరిపోతుంది.

"ఎండలో తిప్పినా చెమట పట్టదు, అంత గట్టి గుర్రం." అది గట్టితనం కాదు. మన కోస్తా ఉక్కకి కొన్ని థరోబ్రెడ్లకి చెమట పట్టడమే ఆగిపోతుంది. రొప్పుతూ ఉంటుంది, జ్వరం 38.5 డిగ్రీల సెల్సియస్ దాటి పైకి పోతుంది. ఏప్రిల్, మే నెలల్లో పని తెల్లవారకముందే ముగించండి. నీడ, ఫ్యాను, ఒంటి మీద నీళ్లు.

మిగతావి క్లుప్తంగా. "పిల్లలు పెట్టించి అమ్మచ్చు": కొనే మగగుర్రం వృషణాలు తీసినదేమో ముందు చూసుకోండి. సూదితో చూలు కట్టిస్తే ఆ పిల్లకి థరోబ్రెడ్ స్టడ్‌బుక్కులో (జాతి నమోదు పుస్తకంలో) చోటు లేదు. "లాడం ఒకసారి కొడితే ఏడాది": ఐదారు వారాలకోసారి విప్పి గిట్ట చెక్కాలి. "మేకు గుచ్చుకుంటే పసుపు చాలు": ధనుర్వాతానికి గుర్రమంత తేలిగ్గా లొంగే జంతువు లేదు, టీకా వేయించండి. ఇంకొకటి, బేరం కుదిరాక కాదు, కుదరకముందే గ్లాండర్స్ పరీక్ష కాగితం అడగండి. ఆ జబ్బు మనుషులకీ అంటుతుంది. తేలితే గుర్రాన్ని చట్టప్రకారం చంపాల్సిందే. కాగితంలో రాసిన గుర్తులు, మైక్రోచిప్ ఉంటే దాని నంబరు, మీ ముందు నిలబడ్డ గుర్రానివేనా అన్నది కూడా చూసుకోండి.