1969 కమారో: ఎస్ఎస్, జెడ్/28 మీద అపోహలు - వాస్తవాలు

అమెరికాలో పాత షెవర్లే కార్లు కొనేవాళ్ల తరఫున ముందుగా వెళ్లి కారు తనిఖీ చేయడం నా పని. షెవర్లే కమారో 1969 మోడల్‌లో ఎస్ఎస్ (సూపర్ స్పోర్ట్), జెడ్/28 అని రెండు స్పీడు ప్యాకేజీలు ఉండేవి. వాటి దగ్గరకొచ్చేసరికి దాదాపు అందరూ ఇవే మాటలు అంటారు.

అపోహ: జెడ్/28 అంటే ఎస్ఎస్ కంటే పై మోడల్.

వాస్తవం: రెండూ వేర్వేరు పనుల కోసం పుట్టాయి. జెడ్/28 పుట్టింది ట్రాన్స్-ఆమ్ అనే అమెరికా కార్ రేసుల కోసం. అప్పట్లో ఆ రేసుల్లో ఇంజిన్ సైజు 305 క్యూబిక్ అంగుళాలు దాటకూడదు. అందుకే 327 క్యూబిక్ అంగుళాల ఇంజిన్ బోరుకి (సిలిండర్ వెడల్పు) 283 ఇంజిన్ స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) జోడించి 302 ఇంజిన్ తయారుచేశారు. డ్రైవర్ మార్క్ డోనహ్యూ, రోజర్ పెన్స్కే జట్టు 1968, 69ల్లో టైటిల్ గెలిచింది ఈ కారుతోనే. ఎస్ఎస్‌లో 350 ఇంజిన్ గానీ 396 గానీ ఉంటుంది, దాని బలం టార్క్ (లాగే శక్తి).

అపోహ: 375 హార్స్‌పవర్ ఎస్ఎస్ ముందు 290 హార్స్‌పవర్ జెడ్/28 నిలబడలేదు.

వాస్తవం: సిగ్నల్ దగ్గర నుంచి దూకడంలో 396దే పైచేయి. 302 కింది ఆర్పీఎంలో సాదాసీదాగానే ఉంటుంది. ఆ 290 అన్నది 5,800 ఆర్పీఎం దగ్గర చెప్పిన లెక్క, ఇంజిన్ ఆపైన కూడా లాగుతూనే ఉంటుంది. 396 బరువంతా ముందు చక్రాల మీద పడుతుంది, మలుపుల్లో అది స్టీరింగ్‌లోనే తెలిసిపోతుంది. ఘాట్ రోడ్డయితే నేను జెడ్/28 తాళమే అడుగుతాను. రోజూ తిరగడానికైతే మాత్రం వద్దంటాను: ఏసీ లేదు, ఆటోమేటిక్ లేదు, పైగా సాలిడ్ లిఫ్టర్లకు (వాల్వులను కదిలించే భాగాలు) అప్పుడప్పుడు వాల్వ్ గ్యాప్ సరిచూడాలి.

అపోహ: హెడ్‌లైట్లు మూతల వెనక దాగి ఉంటే అది స్పీడు మోడల్.

వాస్తవం: అది ఆర్ఎస్ (ర్యాలీ స్పోర్ట్) ప్యాకేజీ, అందం కోసమే. ఆరు సిలిండర్ల కారుకీ పెట్టించుకోవచ్చు.

అపోహ: బ్యాడ్జీ, చారలు, విఐఎన్ (కారు గుర్తింపు నంబరు) చూస్తే అసలుదో కాదో తేలిపోతుంది.

వాస్తవం: డబ్బులు ఎక్కువగా పోయేది ఇక్కడే. బ్యాడ్జీలు కొత్తవి దొరుకుతాయి, చారలు ఎవరైనా వేయించుకోవచ్చు. ఆ ఏడాది విఐఎన్‌లో వి8 (ఎనిమిది సిలిండర్ల ఇంజిన్) అని తెలుస్తుందే తప్ప ఎస్ఎస్సా, జెడ్/28నా అన్నది ఉండదు. నేను గుడ్డతో ముందు తుడిచేది ఇంజిన్ బ్లాకు మీద, ప్యాసింజర్ వైపు సిలిండర్ హెడ్ ముందున్న చిన్న చదును భాగాన్ని. 302 అయితే అక్కడి కోడు డీజెడ్‌తో ముగియాలి. అదే చోటో, ఆయిల్ ఫిల్టర్ దగ్గరో ఉన్న నంబరు కారు విఐఎన్‌తో కలవాలి. అక్షరాల కింద ఫ్యాక్టరీ మిషన్ వదిలిన సన్నని గీతలు కనపడాలి. నున్నగా ఉంటే ఎవరో అరగదీశారన్నమాట. బ్లాకు రిపేరు కోసం అరగదీసి ఉండొచ్చు, దొంగ నంబరు కొట్టడానికీ కావచ్చు. ఏదైనా సరే, ఒరిజినల్ ఇంజిన్‌కి ఇచ్చే ధర మాత్రం పెట్టకండి.

ఒహాయోలోని నార్వుడ్ ప్లాంటు కార్లకు 1968 చివరి నుంచి ఫైర్‌వాల్ (ఇంజిన్‌కీ క్యాబిన్‌కీ మధ్య గోడ) ట్యాగు మీద ఎక్స్33 లేదా ఎక్స్77 ఉంటే జెడ్/28. కాలిఫోర్నియాలోని వాన్ నైస్ కార్లకు ఆ కోడ్లు లేవు, అక్కడ పాత కాగితాలే ఆధారం. జెడ్/28 కన్వర్టిబుల్ (టాప్ తెరుచుకునే కారు) అని చూపిస్తే మాత్రం తనిఖీ కూడా అక్కర్లేదు. 1969లో అది గట్టి టాపున్న కూపేగానే అమ్మారు.