మద్రాసు కోటలోని చర్చి: అపోహలు - వాస్తవాలు

చెన్నైకి వచ్చే మనవాళ్లకు సెయింట్ జార్జ్ కోట చూపించడం నా పని. దామర్ల వెంకటాద్రి నాయకుడు 1639లో ఇంగ్లీషువాళ్లకు ఇచ్చిన నేల ఇదని చెబితే అందరూ ఆసక్తిగా వింటారు. లోపలున్న సెయింట్ మేరీస్ చర్చికి వచ్చేసరికి మాత్రం ఎవరో ఒకరు ఈ మాటలే అంటారు.

అపోహ: దేశంలో ఇదే మొదటి చర్చి.

కాదు. దీని ప్రతిష్ఠ 1680 అక్టోబరు 28న జరిగింది. కొచ్చిలో పోర్చుగీసువాళ్ల సెయింట్ ఫ్రాన్సిస్ చర్చి అంతకంటే చాలా పాతది. మన దేశంలో ఇంగ్లండు ప్రొటెస్టెంట్లు కట్టుకున్న చర్చిల్లో పాతది ఇదే.

అపోహ: మతం మార్చడానికి ఈస్టిండియా కంపెనీ కట్టించింది.

డబ్బు కంపెనీది కాదు. గవర్నర్ స్ట్రేన్‌షామ్ మాస్టర్ చొరవతో కోటలో కాపురమున్న ఇంగ్లీషువాళ్లు చందాలు వేసుకుని 1678లో పని మొదలుపెట్టారు. ఇక్కడి పాదిరి చూసుకున్నది వాళ్ల ప్రార్థనలు, పెళ్లిళ్లు, అంత్యక్రియలు. ప్రతిష్ఠ జరిగిన వారానికే కంపెనీ ఉద్యోగి ఎలిహు యేల్ పెళ్లి ఇక్కడ అయింది. అమెరికాలోని యేల్ యూనివర్సిటీకి ఆయన పేరే పెట్టారు.

అపోహ: ఆవరణలో పరిచిన ప్రతి రాయి కిందా సమాధి ఉంది.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే, ఎందుకంటే అసలు కథ దీనికంటే గొప్పది. పాత శ్మశానం కోట బయట, తర్వాత లా కాలేజీ వెలసిన చోట ఉండేది. 1758-59లో ఫ్రెంచి సేనాని లాలీ కోటను ముట్టడించినప్పుడు ఆ ఎత్తైన సమాధులు అతని సైనికులకు చాటుగా పనికొచ్చాయి. మళ్లీ అలా జరగకూడదని ఇంగ్లీషువాళ్లు వాటిని పడగొట్టి, పేర్లు చెక్కిన పలకలను తెచ్చి ఇక్కడ పరిచారు. మనుషులు అక్కడే ఉండిపోయారు, పేర్లు మాత్రం ఇక్కడికొచ్చాయి. అందుకే చర్చికంటే పాతదైన ఎలిజబెత్ బేకర్ రాయి, 1652 నాటిది, ఈ ఆవరణలో కనిపిస్తుంది. యేల్ కొడుకు డేవిడ్ సమాధి మాత్రం పాత చోటే మిగిలింది. దయచేసి ఈ పలకల మీద చెప్పులతో నడవకండి, అక్షరాలు అరిగిపోతున్నాయి.

అపోహ: మన్రో సమాధి గుత్తిలోనే ఉంది.

సీమవాళ్లు గట్టిగా వాదించే మాట ఇది. మద్రాసు గవర్నర్‌గా ఉన్న థామస్ మన్రో 1827 జూలైలో పత్తికొండ దగ్గర కలరాతో పోయాడు. మొదట గుత్తిలోనే పూడ్చారు, నిజమే. తర్వాత అవశేషాలను మద్రాసు తెచ్చి ఈ చర్చిలోపల ఉంచారు.