సర్వీసు నుంచి వచ్చిన బండిలో కొత్త జబ్బు: అపోహలు - వాస్తవాలు

సంక్రాంతి, దసరా ముందు వారం బెంగళూరు షెడ్ల ముందు ఊరెళ్లే తెలుగువాళ్ల కార్లు వరస కడతాయి. సాయంత్రం సర్వీసు, తెల్లవారుజామున ప్రయాణం. దేవనహళ్లి దాటగానే ఎక్కడో టకటక. నిన్నటిదాకా లేని చప్పుడు ఇవాళెలా వచ్చింది?

అపోహ: షెడ్డుకి వెళ్లొచ్చాకే మొదలైంది కాబట్టి మెకానిక్కే పాడుచేశాడు.

కాకి వాలింది, తాటిపండు పడింది. కొన్ని నిజంగా అంతే. ఆయిల్ మార్చిన మర్నాడు హెడ్‌లైట్ బల్బు పోతే ఆ రెంటికీ చుట్టరికం లేదు. అలాగని ప్రతిదాన్నీ కాకతాళీయం అని కొట్టిపారేసే మెకానిక్‌నీ నమ్మక్కర్లేదు. బిల్లు ముందు పెట్టుకుని ఒక్కటే చూడండి: చెయ్యి పడిన చోటికీ, ఇప్పుడు కనిపిస్తున్న లక్షణానికీ దారి ఉందా?

బ్రేకు ప్యాడ్ల కోసం చక్రాలు విప్పారు, ఇప్పుడు స్టీరింగ్ వణుకుతోంది. దారి ఉంది. 80 - 100 వేగంలో మాత్రమే వణికితే ముందు బ్యాలెన్సింగ్ (చక్రం బరువు చుట్టూ సమానంగా ఉందా అన్నది) చూడాలి: రిమ్ముకి అతికించిన సీసం ముక్క ఊడి ఉండొచ్చు, లేదా చక్రం కూర్చునే హబ్బుకీ రిమ్ముకీ మధ్య తుప్పు పెళ్ల ఇరుక్కుని ఉండొచ్చు. బ్రేకు తొక్కినప్పుడే వణికితే డిస్కు (ప్యాడ్లు పట్టుకునే పళ్లెం) చూడాలి. బండి ఇచ్చేటప్పుడు "ఎప్పుడు వణుకుతోంది" అనేది చెప్తే సగం పని అయిపోయినట్టే. "ఏదో తేడాగా ఉంది" అంటే మెకానిక్ కూడా ఏదో చూసి పంపిస్తాడు.

అపోహ: ఎయిర్ గన్‌తో బిగించిన నట్టు ఇక కదలదు.

గన్ గట్టిగా బిగిస్తుంది, సమానంగా బిగించదు. చాలా చిన్న కార్లకి నట్టు బిగుతు 100 న్యూటన్ మీటర్లకి కాస్త అటూ ఇటూ ఉంటుంది. కచ్చితమైన అంకె బండి పుస్తకంలో ఉంటుంది. ముందు చేత్తో తిప్పి, తర్వాత ఎదురెదురు నట్లు వరసగా, చివర ఎంత బిగుతో చూపించే టార్క్ రెంచితో. 50 నుంచి 100 కిలోమీటర్లు నడిచాక మళ్లీ ఒకసారి చూసుకోవాలి. అతిగా బిగిస్తే స్టడ్డు (నట్టు ఎక్కే బోల్టు) సాగుతుంది, పంచరైన రోజున మీ వీల్ స్పానర్‌కి నట్టు లొంగదు.

అపోహ: కొత్త ప్యాడ్లు వేస్తే బ్రేకు ఆ రోజు నుంచే బ్రహ్మాండంగా పడుతుంది.

కొత్త ప్యాడు డిస్కుకి పూర్తిగా ఒరుసుకోవడానికి 200 - 300 కిలోమీటర్లు పడుతుంది. అప్పటిదాకా పట్టు కొంచెం తక్కువే. చిత్తూరు వైపు వెళ్లేవాళ్లు మొగిలి ఘాటు దిగే ముందురోజు ప్యాడ్లు మార్పించుకోవద్దు. ఇంకో సంగతి: ప్యాడ్లు వేసేటప్పుడు ప్యాడ్లని నొక్కే క్యాలిపర్ పిస్టన్‌ని వెనక్కి నెడతారు కాబట్టి మొదటి రెండు మూడుసార్లు పెడల్ కిందిదాకా దిగుతుంది. ఆ తొక్కుడు షెడ్డులోనే, బండి కదలకముందే జరగాలి. తర్వాత కూడా పెడల్ మెత్తగా ఉండి, నాలుగుసార్లు తొక్కితే గట్టిపడుతుంటే బ్రేకు ఆయిల్ లైనులో గాలి ఉన్నట్టు. బ్లీడింగ్ (ఆ గాలి తీసేయడం) అయ్యేదాకా ఆ బండి నడపకండి.

అపోహ: డాష్‌బోర్డులో చెక్ ఇంజిన్ లైట్ వెలిగితే సెన్సార్ పోయినట్టే.

సెన్సార్ కొనేముందు బానెట్ ఎత్తండి. సర్వీసులో ఎయిర్ ఫిల్టర్ మార్చి ఉంటే ఆ డబ్బా క్లిప్పులన్నీ పడ్డాయా, గొట్టం క్లాంపు బిగిసిందా, పక్కనున్న ఎయిర్ ఫ్లో సెన్సార్ కనెక్టర్ టక్కుమని కూర్చుందా చూడండి. పికప్ తగ్గడం, ఐడిల్‌లో ఊగడం చాలాసార్లు ఇక్కడే తేలుతుంది. ఇంజిన్ మీద ప్రెషర్ వాటర్ కొట్టించాక మిస్సింగ్ (ఇంజిన్ తడబడడం) మొదలైతే స్పార్క్ ప్లగ్గుకి కరెంటు ఇచ్చే కాయిల్ కనెక్టర్లలోనో, స్పార్క్ ప్లగ్గు గుంతల్లోనో నీళ్లు చేరి ఉంటాయి. కాయిళ్లు తీసి గాలి కొట్టి ఆరబెడితే చాలు. లైటు నిలకడగా వెలిగితే షెడ్డుదాకా నడిపి వెళ్లొచ్చు. మిణుకుమిణుకుమంటే పక్కకి ఆపండి: కాలని పెట్రోలు సైలెన్సర్‌లోకి పోయి పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ని తినేస్తుంది, దాని ఖరీదు ముందు కాయిల్ ధర చిల్లర.

అపోహ: లోయర్ ఆర్మ్ (చక్రాన్ని బండి చట్రానికి కలిపే కింది చెయ్యి) కొత్తది వేశాక కిర్రుమంటే పార్టు నకిలీదే.

కావచ్చు. స్పేర్ పార్టులు అమ్మే జేసీ రోడ్డులో ఒకే ఆర్మ్ రెండు మూడు ధరల్లో దొరుకుతుంది. కానీ అసలుదైనా తప్పుగా బిగిస్తే ఇదే గతి. బండి జాకీ మీద ఉండగా చక్రం వేలాడుతుంది. ఆ స్థితిలో ఆర్మ్ చివరి రబ్బరు బుష్ బోల్టు పూర్తిగా బిగించేస్తే, బండి కిందికి దించగానే బుష్‌లో రబ్బరు మెలిపడుతుంది. హంపు ఎక్కిన ప్రతిసారీ ఇంకా మెలిపడుతుంది. మన రోడ్ల మీద హంపులకి కొదవా? ఏళ్లపాటు రావాల్సిన బుష్ నెలల్లో చిరిగిపోతుంది. బోల్టు వదులుగా ఎక్కించి, బండి బరువు చక్రాల మీద పడ్డాక చివరి బిగింపు ఇవ్వాలి. ఇప్పటికే కిర్రుమంటుంటే, రబ్బరు చిరగకపోతే, ఆ బోల్టు వదులుచేసి మళ్లీ బిగించమని అడగండి. పార్టు ఖర్చు ఉండదు. ఆర్మ్, స్ట్రట్ (షాక్ అబ్జార్బర్), టై రాడ్ ఎండ్ (స్టీరింగ్‌ని చక్రానికి కలిపే కీలు) వీటిలో ఏది విప్పినా అలైన్‌మెంట్ (చక్రాల దిశ సరిచేయడం) చేయించాలి. లేదంటే స్టీరింగ్ వంకరగా నిలబడుతుంది.

అపోహ: బెంగళూరులో ఏసీ చల్లగా వచ్చిందంటే గ్యాసు సరిపోయినట్టే.

ఇక్కడి సాయంత్రం చల్లదనంలో సగం గ్యాసున్న ఏసీ కూడా బాగున్నట్టే అనిపిస్తుంది. గుట్టు అనంతపురం ఎండలో బయటపడుతుంది. గ్యాసు తూకం ప్రకారం నింపాలి. ఎన్ని గ్రాములో బానెట్ కింద స్టిక్కర్ మీద ఉంటుంది. చల్లగా లేదని ఇంకాస్త ఎక్కిస్తే ప్రెషర్ పెరిగి చల్లదనం ఇంకా పడిపోతుంది. హైవేలో చల్లగా, సిల్క్ బోర్డు సిగ్నల్లో ఆగినప్పుడు వేడిగా వస్తుంటే గ్యాసు జోలికి పోకముందు, బండి ముందుభాగంలో ఏసీ వేడిని బయటికి పంపే కండెన్సర్ ఫ్యాన్ తిరుగుతోందో లేదో చూడండి. బంపర్ పని చేసినవాళ్లు దాని కనెక్టర్ పెట్టడం మర్చిపోతుంటారు.

అపోహ: ఆయిల్ కాస్త ఎక్కువ పోస్తే ఇంజిన్‌కి మంచిదే.

కాదు. ఇంజిన్ ఆపి పది నిమిషాలాగి, సమతలం మీద డిప్‌స్టిక్ (ఆయిల్ కొలిచే పుల్ల) చూడండి. పై గీత దాటితే తీయించేయాలి.

అపోహ: పక్కా బిల్లు వద్దంటే 18 శాతం జీఎస్టీ మిగులుతుంది.

మిగిలేది అదొక్కటే. పని తేడా వచ్చిన రోజున "ఇది మా దగ్గర జరగలేదు" అంటే మీ చేతిలో ఏముంటుంది? బిల్లు, జాబ్ కార్డు (ఏం పని చేయాలో షెడ్డు రాసిచ్చే కాగితం), బండి ఇచ్చినప్పుడూ తీసుకున్నప్పుడూ మీటరు ఫొటో ఉంచుకోండి. ముందు అదే షెడ్డుకి వాట్సాప్‌లో రాసి, సరిచేసే అవకాశం ఇవ్వండి. వాళ్లు చూడకముందే ఇంకోచోట విప్పిస్తే తప్పెవరిదో తేలదు. మాట వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం సమస్య తలెత్తిన రోజు నుంచి రెండేళ్లలోపు మీరు నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయొచ్చు. తీసేసిన పాత పార్టులు కూడా అడిగి తీసుకుని డిక్కీలో వేసుకోండి.