ఈసీజీ గొడవ వెనుక కాను కథ

మైదానంలో ఓ ఆటగాడు కుప్పకూలితే చాలు, ఆటగాళ్లందరికీ ఈసీజీ తప్పనిసరి చేయాలా వద్దా అన్న గొడవ మళ్లీ మొదటికొస్తుంది. ఇందులో ఎవరి మాట నిలుస్తుందో తేల్చుకోవాలంటే 1996లో నైజీరియా ఫుట్‌బాలర్ న్వాంక్వో కాను కథ చూడాలి.

ఆ ఏడాది ఆగస్టు 3న అట్లాంటా ఒలింపిక్స్ ఫుట్‌బాల్ ఫైనల్లో నైజీరియా 3-2తో అర్జెంటీనాను ఓడించింది. సెమీస్‌లో బ్రెజిల్‌ను ఇంటికి పంపిన ఆఖరి గోల్ ఇంకా 20 నిండని కానుది. ఆ వెంటనే అతను ఇటలీలోని ఇంటర్ మిలాన్‌లో చేరాడు. అక్కడి పరీక్షల్లో అయోర్టిక్ వాల్వ్‌కు, అంటే గుండె నుంచి ఒంటికంతా రక్తం వెళ్లే ద్వారానికి, పుట్టుకతోనే లోపం ఉందని బయటపడింది. అంతకుముందు ఏడాది నెదర్లాండ్స్ క్లబ్బు అయాక్స్‌తో యూరప్ క్లబ్బుల ఛాంపియన్స్ లీగ్ గెలిచినప్పుడూ ఆ లోపంతోనే ఆడాడు! ఇక ఆట మానుకోవాల్సిందేనన్న మాటలూ వినిపించాయి. నవంబరులో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో ఆపరేషన్ చేశారు. 1997లో మళ్లీ బరిలోకి దిగిన కాను 2012 దాకా ఆడాడు. గుండె జబ్బున్న పిల్లల కోసం 2000లో ఫౌండేషన్ కూడా పెట్టాడు.

ఇది ఇటలీలో బయటపడటం యాదృచ్ఛికం అనుకోలేం. పోటీల్లో ఆడేవాళ్లకు వైద్య పరీక్షలను, ఈసీజీతో సహా, 1982లోనే ఆ దేశం తప్పనిసరి చేసింది. అక్కడి వెనెటో ప్రాంతంలో యువ క్రీడాకారుల హఠాన్మరణాలు ఏటా లక్ష మందికి 3.6 నుంచి 0.4కు తగ్గాయని 2006లో వచ్చిన అధ్యయనం చెప్పింది.

అమెరికన్ హార్ట్ అసోసియేషన్ మాత్రం ఆటగాడి, కుటుంబ ఆరోగ్య చరిత్ర, స్టెతస్కోపు చాలంటూ వచ్చింది. ఖర్చు, తప్పుడు అలారంలు దాని అభ్యంతరాలు. ఇంగ్లండ్‌లో 11,168 మంది కుర్ర ఫుట్‌బాలర్లను పరీక్షిస్తే, తర్వాత గుండె జబ్బుతో పోయిన 8 మందిలో ఆరుగురి రిపోర్టులు నార్మల్‌గానే వచ్చాయి. బాస్కెట్‌బాల్ దిగ్గజం పీట్ మారవిచ్ 1988లో 40 ఏళ్లకు ఆడుతూనే పోయాడు. గుండెకు రక్తం అందించే ఎడమ కరోనరీ ధమని పుట్టుకతోనే లేదని పోస్టుమార్టంలో గానీ తెలియలేదు. ఇలాంటివి మామూలు ఈసీజీకి తరచూ చిక్కవు. నిజమే. అన్నీ దొరకవు కాబట్టి దొరికేవి కూడా వెతకొద్దంటే ఎలా?

మన దగ్గర 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టుక లోపాలకు స్క్రీనింగ్ ఉంది. అది 18 ఏళ్ల వరకే. కాను లోపం బయటపడింది 20 ఏళ్లకు.