కళ్ల ముందే ఉంది, తెరవబోతే లేదంటోంది

మొన్న సంక్రాంతి అయిన వారానికి పిన్ని ఫోన్ చేసింది. "ఒరే, చెల్లి పెళ్లి ఫోటోల ఫోల్డరు కళ్ల ముందే కనబడుతోంది, నొక్కితే మాత్రం అలాంటిది లేదంటోంది. పేరు మార్చనివ్వదు, తీసేయనివ్వదు. షాపులో చూపిస్తే ఫార్మాట్ కొట్టాలన్నారు" అంది. ఫార్మాట్ అంటే డిస్కులో ఉన్నదంతా తుడిచేయడం. ఆ మాట వినగానే, ఆ డిస్కు ఎవరి చేతికీ ఇవ్వొద్దని చెప్పి ఆ సాయంత్రమే వెళ్లాను. మొండికేసిన ఫోల్డరుకు తొందరపడి వైద్యం చేయించి, చక్కగా ఉన్న ఫోటోలను పోగొట్టుకున్న వాళ్లను నేను చాలామందినే చూశాను.

ఫోల్డరంటే మనకు పెట్టెలా తోస్తుంది. డిస్కు మీద అలాంటి పెట్టె ఏదీ ఉండదు. ఉండేది ఒక చిట్టా. ఫలానా పేరుతో ఫలానా ఫైళ్లు ఉన్నాయి, వాటి ముక్కలు డిస్కు మీద ఇదిగో ఈ చోట్లున్నాయి, ముట్టుకునే హక్కు వీళ్లకుంది అని అందులో పద్దులు రాసి ఉంటాయి. ఫోల్డరును తెరవడమంటే ఆ పద్దు చదవడం, పేరు మార్చడమంటే దిద్దడం, తీసేయడమంటే కొట్టేయడం. కాబట్టి విండోస్ "కుదరదు" అన్నప్పుడల్లా ఆ పద్దు దగ్గర ఏదో అడ్డుపడిందని అర్థం. అడ్డు ఏమిటో తెలిస్తే మందు తేలికే.

పిన్ని డిస్కులో అడ్డు ఒక చుక్క. ఫోల్డరు పేరు "పెళ్లి ఫోటోలు." అని ఉంది. చివర ఆ ఫుల్‌స్టాప్ చూశారా? ఫోటోలు ఎక్కించింది ఇంజనీరింగ్ చదివే తమ్ముడు, తన ఉబుంటు ల్యాప్‌టాప్ నుంచి. విండోస్‌కు బదులు వాడే లైనక్స్‌లో ఉబుంటు ఒక రకం. పేరు చివర చుక్క ఉన్నా, ఖాళీ ఉన్నా లైనక్స్‌కు అభ్యంతరం లేదు. విండోస్ మాత్రం మనమిచ్చిన పేరును చిట్టాలో వెతికే ముందు చివరి చుక్కల్నీ ఖాళీల్నీ కత్తిరించేస్తుంది. చిట్టాలో ఉన్నది చుక్కతో, అది వెతికేది చుక్క లేకుండా. అందుకే జాబితాలో చూపిస్తుంది, తెరవబోతే లేదంటుంది. రెండూ నిజమే.

దారి కూడా ఆ కత్తిరింపును ఆపడంలోనే ఉంది. ఆదేశాలను టైపు చేసి ఇచ్చే కమాండ్ ప్రాంప్ట్‌లో, ఫోల్డరు పూర్తి చిరునామాకు (డ్రైవ్ అక్షరం నుంచి ఫోల్డరు పేరు దాకా) ముందు \\?\ అనే నాలుగు గుర్తులు పెడితే, "పేరును దిద్దకు, ఉన్నదున్నట్టు తీసుకో" అని విండోస్‌కు చెప్పినట్టు. అలా చిరునామా ఇచ్చి పేరు మార్చే కమాండ్ కొట్టాను. చుక్క పోయింది, ఫోటోలన్నీ వచ్చాయి. తమ్ముడి ల్యాప్‌టాప్ దగ్గరుంటే అదీ అక్కర్లేదు, అందులోనే పేరు మార్చేసేవాడు.

పేర్ల చిక్కుల్లో పాతది ఇంకొకటుంది. విండోస్‌లో కొత్త ఫోల్డరు చేసి దానికి సీ, ఓ, ఎన్ అనే మూడక్షరాల పేరు పెట్టి చూడండి. డివైస్ పేరు చెల్లదంటుంది. దీన్ని ఒక భారతీయుడు కనిపెట్టాడనీ, కారణం బిల్ గేట్స్‌కే తెలియదనీ మన దగ్గర ఈమెయిళ్లు తెగ తిరిగాయి. కారణం చక్కగా తెలుసు. 1974లో గ్యారీ కిల్డాల్ రాసిన సీపీ/ఎం అనే ఆపరేటింగ్ సిస్టంలో ఆ మూడక్షరాలు కన్సోల్‌కు, అంటే కీబోర్డుకూ తెరకూ కలిపి పెట్టిన పేరు. దాని అలవాట్లను దగ్గర పెట్టుకుని టిమ్ ప్యాటర్సన్ 1980లో డాస్ అనే మరో ఆపరేటింగ్ సిస్టం రాశాడు. మైక్రోసాఫ్ట్ దాన్నే కొని 1981లో ఐబీఎం పీసీకి ఇచ్చింది. అప్పట్లో ఫోల్డర్లే లేవు, అవి 1983లో డాస్ 2.0తో వచ్చాయి. పాత ప్రోగ్రాములు ఏ ఫోల్డరులో ఉన్నా "ప్రింటర్‌కు పంపు", "తెర మీద చూపు" అనగలగాలి కదా, అందుకని ఆ పరికరాల పేర్లను ప్రతి ఫోల్డరులోనూ ఉన్నట్టే లెక్కగట్టారు. కాన్‌తో పాటు పీఆర్‌ఎన్, ఆక్స్, నల్, కామ్1, ఎల్‌పీటీ1 లాంటివి ఇప్పటికీ ఆ వరసలోనే ఉన్నాయి. విండోస్ 95, 98లలో కాన్ లోపల కాన్ ఉన్నట్టు చిరునామా ఇస్తే కంప్యూటరే కూలబడేది, 2000లో దానికి మరమ్మతు విడుదల చేయాల్సి వచ్చింది. లైనక్స్‌లో పుట్టిన ఫైల్ ఏదైనా ఇలాంటి పేరుతో మీ డిస్కులోకి వస్తే దానికీ ఆ నాలుగు గుర్తులే మందు.

పేరు పొడవు సంగతి మాత్రం తెలుగులో పేర్లు పెట్టుకునే మనకు ప్రత్యేకంగా తగులుతుంది. విండోస్‌లో చాలాకాలంగా పూర్తి చిరునామాకు హద్దు 260. డ్రైవ్ అక్షరం, మధ్యలో గీతలు, చివర కనబడని ముగింపు గుర్తు అన్నీ అందులోనే. కానీ అది లెక్కపెట్టేది మనం పలికే అక్షరాలను కాదు, అక్షరాల ముక్కలకు కంప్యూటరు వాడే యూనికోడ్ సంకేతాలను. "శ్రీ" మన కంటికి ఒక్క అక్షరం. కంప్యూటరుకు శ, పొల్లు, ర, గుడిదీర్ఘం కలిపి నాలుగు. "శ్రీ సత్యనారాయణ వ్రతం ఫోటోలు" అన్న పేరులో మనం లెక్కపెడితే 12 అక్షరాలు, మూడు ఖాళీలు. కంప్యూటరు లెక్కలో 28. ఇలాంటి పేర్లతో ఫోల్డరులో ఫోల్డరు, అందులో మరొకటి పెట్టుకుంటూ పోతే హద్దు ఊహించనంత త్వరగా వచ్చేస్తుంది. పై ఫోల్డరు పేరును తర్వాత పొడిగించినా లోపలివి హద్దు దాటతాయి. అప్పుడు అవి కనబడతాయి, కదలవు. పైనున్న ఫోల్డర్ల పేర్లను కురచ చేసుకుంటూ రండి, చాలాసార్లు అంతటితో తీరుతుంది. 2016లో వచ్చిన విండోస్ 10 మార్పుతో ఈ హద్దును ఎత్తేసే వీలుంది గానీ, వాడే ప్రోగ్రాము కూడా అందుకు తయారై ఉండాలి.

కంటికి కనబడని చిక్కు ఒకటి చెప్పకుండా ఉండలేను. "సాఫ్ట్‌వేర్" అని రాసేటప్పుడు ట్ కింద వ వత్తుగా దిగకుండా ఆపడానికి మధ్యలో ఒక వెడల్పు లేని గుర్తు వాడతాం. అది "ఫైల్స్" లాంటి పేరు చివర పొరపాటున చేరితే తెర మీద ఏ తేడా ఉండదు. ఒకే పేరుతో రెండు ఫోల్డర్లు కనబడతాయి, టైపు చేసి వెతికితే ఒకటి దొరకదు. అలాంటప్పుడు పేరును టైపు చేయకుండా కాపీ చేసి అతికించండి.

పేరులో ఏ దోషమూ లేకపోతే, ఇంకెవరో దాన్ని పట్టుకుని ఉండొచ్చు. ఎక్కువమందికి ఎదురయ్యేది ఇదే. "వేరే ప్రోగ్రాములో తెరిచి ఉంది" అని విండోస్ చెబుతుంది, మనం చూస్తే ఏదీ తెరిచి ఉండదు. వైరస్ వెతికే ప్రోగ్రామో, క్లౌడ్‌లోకి ఎక్కించేదో, ఫోటోల చిన్నబొమ్మలు తయారుచేసే ఎక్స్‌ప్లోరరో, ఆ ఫోల్డరులోనే నిలబడి ఉన్న కమాండ్ ప్రాంప్టో కావొచ్చు. లైబ్రరీలో పుస్తకం పాఠకుడి చేతిలో ఉందనుకోండి. విండోస్ పద్ధతిలో అయితే, ఆయన ముందే ఒప్పుకుంటే తప్ప, పుస్తకం తిరిగొచ్చేదాకా చిట్టాలోంచి పేరు కొట్టేయరు. లైనక్స్‌లో పేరు వెంటనే కొట్టేస్తారు, పుస్తకం మాత్రం ఆయన చదవడం అయ్యాకే పోతుంది. అందుకే లైనక్స్ సర్వర్లలో పెద్ద ఫైలు తీసేసినా ఒక్కోసారి డిస్కులో జాగా పెరగదు.

పట్టుకున్నదెవరో తెలియాలంటే విండోస్‌లోనే ఉండే రిసోర్స్ మానిటర్ తెరిచి, సీపీయూ ట్యాబ్‌లో అసోసియేటెడ్ హ్యాండిల్స్ దగ్గర ఫోల్డరు పేరు కొట్టండి, ప్రోగ్రాము పేరు వస్తుంది. దాన్ని మామూలుగా మూసేయండి. పట్టును బలవంతంగా విడిపించే పనిముట్లు ఉన్నాయి గానీ, రాత మధ్యలో ఉన్న ఫైలు చెడిపోవచ్చు. ఒకసారి రీస్టార్ట్ చేయడమే మేలు.

"మీకు అనుమతి లేదు" అంటే హక్కుల గొడవ. విండోస్ హక్కును మనిషి పేరు మీద రాయదు, ఖాతా పుట్టినప్పుడు ఇచ్చిన పొడవాటి నంబరు మీద రాస్తుంది. విండోస్ మళ్లీ వేయించాక అదే పేరుతో ఖాతా తెరిచినా నంబరు కొత్తది, పాత ఫోల్డరుకు మీరు పరాయివాళ్లే. ప్రాపర్టీస్, సెక్యూరిటీ, అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్లి ఓనరును మార్చుకోవచ్చు. ఈ పని మీ సొంత ఫోల్డర్ల మీదే చేయండి, విండోస్ ఫోల్డరు జోలికి వెళ్లొద్దు.

ఇవేవీ కాక "ఫోల్డరు పాడైంది, చదవలేం" అని వస్తే మాత్రం చెయ్యి ఆపండి. రాత జరుగుతుండగా పెన్‌డ్రైవ్ లాగేసినప్పుడు, కరెంటు పోయినప్పుడు, డిస్కు ముసలిదైనప్పుడు చిట్టా సగంలో చెరుగుతుంది. డిస్కును సరిచూసే విండోస్ ప్రోగ్రాము చెక్ డిస్క్‌ను నడపమని అందరూ చెబుతారు. అది సరిచేసేది చిట్టాను, ఆ సరిచేతలో పొసగని పద్దులను తీసేస్తుంది కూడా. కాబట్టి చదవగలిగినవన్నీ ముందు వేరే డిస్కులోకి కాపీ చేసుకోండి. డిస్కు టకటక శబ్దం చేస్తుంటే అసలు నడపొద్దు, కరెంటు తీసి డేటా రికవరీ తెలిసిన వాళ్లకు చూపించండి. చెక్ డిస్క్ పని అయ్యాక డ్రైవ్‌లో ఫౌండ్.000 అనే దాచిన ఫోల్డరు కనబడితే పారేయకండి. చిరునామా తెగిన ముక్కలు అందులో పేరు చివర సీహెచ్‌కే అనే పొడిగింపుతో ఉంటాయి. వాటి కాపీలకు జేపీజీ పొడిగింపు పెట్టి చూడండి, పోయాయనుకున్న ఫోటోలు కొన్ని తెరుచుకుంటాయి.