కత్తి మీది ముద్రను ఎంతవరకు నమ్మాలి?

పాత జేబుకత్తులు సేకరించేవాళ్లు కత్తి చేతికి రాగానే పదును చూడరు. బ్లేడు సగం తెరిచి, పిడిలోకి దూరే దాని మొదలును వెలుతురుకు పెట్టి చూస్తారు. టాంగ్ అనే ఆ భాగం చిటికెన వేలి గోరంత ఉంటుంది. కంపెనీ పేరు, ఊరు, దేశం, కొన్నిసార్లు నమూనా నంబరు కూడా అక్కడే కొట్టి ఉంటాయి. ఆ ముద్రలో ఒక్క పదం ఎక్కువున్నా తక్కువున్నా కత్తి వయసు మారిపోతుంది, వయసుతో పాటు ధర కూడా. దొంగ ముద్రల గొడవంతా అందుకే. వేలంలో మంచి ధర పెట్టి కొన్నాక ఇంటికొచ్చి భూతద్దం కింద చూసుకుని టెన్షన్ పడేవాళ్లు అన్ని దేశాల్లోనూ ఉన్నారు.

ఈ ముద్రలను సేకరించేవాళ్ల కోసం ఎవరూ పెట్టలేదు. కొన్ని వ్యాపార తగాదాల్లో పుట్టాయి, కొన్ని దిగుమతి సుంకాల వల్ల వచ్చాయి. నకిలీలను ఆపాలని మొదలుపెట్టిన గుర్తులే చివరికి నకిలీ చేసేవాడికి పనికొచ్చాయి. అదెలా జరిగిందో తెలిస్తేనే ఏ ముద్రను ఎంతవరకు నమ్మాలో అర్థమవుతుంది.

ఇంగ్లాండ్‌లోని షెఫీల్డ్ శతాబ్దాల పాటు కత్తుల పనికి పెట్టింది పేరు. 1624లో పార్లమెంటు చట్టంతో అక్కడ కత్తి పనివాళ్ల సంఘం ఏర్పడింది. ఎవరి గుర్తు వాళ్లు ఆ సంఘంలో నమోదు చేయించుకోవాలి, ఒకరి గుర్తు ఇంకొకరు వాడకూడదు. మంచి గుర్తుకు ఆస్తి విలువ ఉండేది. చేతులు మారేది, వారసులకు దక్కేది. జోసెఫ్ రోడ్జర్స్ కంపెనీ కత్తుల మీద కనిపించే నక్షత్రం, మాల్టా శిలువ గుర్తు 1682 నాటిది. జార్జ్ వోస్టెన్‌హోమ్ కంపెనీని ప్రపంచానికి పరిచయం చేసిన ఐ.ఎక్స్.ఎల్. గుర్తు కూడా వేరొకరి పేరున మొదలై తర్వాత ఆ కంపెనీకి వచ్చిందే. కాబట్టి గుర్తు వయసు, కత్తి వయసు ఒకటి కావు. రోడ్జర్స్ కత్తి మీద 1682 అని చూసి పదిహేడో శతాబ్దపు వస్తువు దొరికిందని మురిసిపోయేవాళ్లు ఇప్పటికీ కనిపిస్తారు. అది కత్తి చేసిన ఏడాది కాదు.

జర్మనీలో షెఫీల్డ్‌కు పోటీగా నిలిచిన ఊరు సోలింగెన్. అక్కడా ఇదే పద్ధతి. హెంకెల్స్ వాళ్ల కవల పిల్లల గుర్తు 1731లో నమోదైంది. పందొమ్మిదో శతాబ్దంలో సోలింగెన్ సరుకు చవకగా, బాగానే ఉండటంతో షెఫీల్డ్ వాళ్లకు కడుపు మంట మొదలైంది. పైగా కొందరు జర్మన్ తయారీదారులు తమ బ్లేడ్ల మీద షెఫీల్డ్ పేరు కొట్టేసి అమ్మేవారు. ఆ ఫిర్యాదుల ఒత్తిడితో బ్రిటన్ 1887లో వాణిజ్య గుర్తుల చట్టం తెచ్చింది. విదేశీ సరుకు మీద బ్రిటన్‌లో తయారైందనిపించే పేరో గుర్తో ఉంటే, అసలు తయారైన దేశం పేరు కూడా ఉండి తీరాలన్నది దాని సారాంశం. ‘మేడ్ ఇన్ జర్మనీ’ అనే మాట సరుకుల మీద విరివిగా కనబడటం ఆ తర్వాతే. జర్మన్ సరుకును తక్కువ చేయాలని పెట్టిన ఆ ముద్ర కొన్ని దశాబ్దాల్లోనే నాణ్యతకు గుర్తయి కూర్చుంది. సోలింగెన్ కూడా తన పేరు ఇతరులు వాడకుండా 1938లో చట్టం తెచ్చుకుంది.

సేకరణలో తేదీలు తేల్చడానికి అన్నిటికన్నా ఎక్కువగా పనికొచ్చింది మాత్రం అమెరికా వాళ్ల పన్ను చట్టం. 1890లో వచ్చిన మెకిన్లీ సుంకాల చట్టం దిగుమతి కత్తుల మీద పన్ను బాగా పెంచింది. దాంతో పాటు 1891 మార్చి నుంచి అమెరికాలోకి వచ్చే సరుకు మీద ఏ దేశానిదో ఇంగ్లీషులో కొట్టాలని షరతు పెట్టింది. షెఫీల్డ్ పేరు పక్కన ‘ఇంగ్లాండ్’ అని కూడా ఉంటే కత్తి 1891 తర్వాతది, లేకపోతే అంతకు ముందుది అని సేకరించేవాళ్లు ఒక లెక్క కట్టుకున్నది ఇందుకే. లెక్క బాగానే ఉంది కానీ అందులో ఒక చిల్లు ఉంది. ఆ షరతు అమెరికాకు వెళ్లే సరుకుకే. వేరే దేశాలకు పంపిన కత్తుల మీద, ఇంగ్లాండ్‌లోనే అమ్మిన కత్తుల మీద దేశం పేరు కొట్టాల్సిన అవసరం లేదు. కాబట్టి ‘ఇంగ్లాండ్’ అన్న మాట లేనంత మాత్రాన కత్తి పాతదని తీర్మానించేయలేం. అమ్మేవాళ్లు ఈ సంగతి చెప్పరు.

ఆ సుంకం దెబ్బకు షెఫీల్డ్ అమెరికా వ్యాపారం కుంగిపోయింది. న్యూయార్క్ రాష్ట్రంలోని వాల్డెన్‌లో 1850ల నుంచే షెఫీల్డ్ నుంచి వలస వెళ్లిన పనివాళ్లతో కత్తుల కంపెనీలు నడుస్తున్నాయి. 1890 తర్వాత న్యూయార్క్, పెన్సిల్వేనియా ఊళ్లలో అలాంటివి ఇంకా పుట్టుకొచ్చాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్ సరుకు రావడం ఆగిపోవడం వాటికి కలిసొచ్చింది. యుద్ధం ముగిశాక చేతిలో పెద్ద ఫ్యాక్టరీలు, చాలినంత పని లేకపోవడంతో తుపాకుల కంపెనీ రెమింగ్టన్ కూడా కత్తుల్లోకి దిగింది. 1940 వరకూ చేసి మానేసింది. పిడి మీద తూటా ఆకారంలో బిళ్ల పొదిగిన రెమింగ్టన్ కత్తులంటే ఇవాళ సేకరించేవాళ్లు ప్రాణం పెడతారు.

ముద్ర విషయంలో చిక్కు ఇంకోటి ఉంది. టాంగ్ మీద ఉన్న పేరు తయారుచేసినవాళ్లదే కావాలని లేదు. సెయింట్ లూయిస్‌లోని సిమన్స్ హార్డ్‌వేర్ లాంటి పెద్ద టోకు వ్యాపారులు ‘కీన్ కట్టర్’ వంటి సొంత పేర్లతో కత్తులు చేయించుకుని అమ్మేవారు. కెమిల్లస్ లాంటి ఫ్యాక్టరీలు పదుల కొద్దీ ఇతర పేర్లతో కత్తులు చేసి ఇచ్చాయి. అలాంటప్పుడు పిడి కొసన ఉండే బోల్స్టర్ అనే లోహపు భాగం ఆకారం, గోరు పట్టే గాడి తీరు, స్ప్రింగు మలిచిన పద్ధతి చూసి ఏ ఫ్యాక్టరీ పనో గుర్తుపట్టాల్సిందే. ముద్ర అరిగిపోయిన కత్తులనూ ఇలాగే పోలుస్తారు, పాత కంపెనీ కేటలాగులు పక్కన పెట్టుకుని. అరిగిన కత్తులతో నేర్చుకున్నవాళ్లకే ఈ చూపు బాగా అబ్బుతుందని నాకనిపిస్తుంది. మెరిసే ముద్ర వెంట పడేవాళ్లకు ఆ అవసరమే రాదు కదా!

సేకరణ సరదా దాటి వ్యాపారంగా మారింది 1960ల చివర, 1970ల్లో. అమెరికాలో 1968 తుపాకుల చట్టంతో ఆంక్షలు పెరిగాక, సంతల్లో తుపాకులు అమ్మే కొందరు లైసెన్సు గొడవ లేని కత్తుల వైపు తిరిగారని పాతవాళ్లు చెబుతారు. అదే సమయంలో కేస్ కంపెనీ తీసుకున్న ఒక నిర్ణయం అగ్గికి ఆజ్యం పోసింది. పెన్సిల్వేనియాలోని బ్రాడ్‌ఫర్డ్‌కు చెందిన ఆ కంపెనీ కత్తుల మీద 1940 నుంచి 1964 వరకు ‘కేస్ ఎక్స్ ఎక్స్’ అని ఉండేది. 1965 నుంచి దాని కింద ‘యు.ఎస్.ఎ.’ చేర్చారు. 1970లో ముద్ర కింద పది చుక్కలు పెట్టి, ఏటా ఒక చుక్క తీసేస్తూ వచ్చారు. చుక్కలు లెక్కపెడితే ఏడాది తెలిసిపోతుంది. కత్తి పుట్టిన సంవత్సరం ఇంత తేలిగ్గా తెలిసిపోవడంతో ఒక్కో ఏడాదిది ఒక్కోటి కావాలనే మోజు మొదలైంది. బక్ కంపెనీ కూడా 1986 నుంచి ఏడాదికో గుర్తు కొట్టడం మొదలుపెట్టింది. స్విట్జర్లాండ్ సైనికుల కత్తుల్లో 1961 నమూనా మీద తయారీ ఏడాది అంకెల్లోనే ఉంటుంది, దాంతో పేచీ లేదు.

ఏ ఏడాదికి గిరాకీ ఎక్కువో తెలిశాక మోసగాడి పని సులువైంది. ముద్రలో ఎక్కువగా ఉన్న పదాన్ని అరగదీస్తే కత్తి పాతదైపోతుంది. లేదా మామూలు కత్తి మీది పేరంతా తీసేసి పేరున్న కంపెనీ ముద్ర కొట్టొచ్చు. అయితే ఇనుము అరగదీస్తే ఆనవాలు మిగలక తప్పదు. బ్లేడు సగం తెరిచి పైనుంచి చూడండి. టాంగ్ దళసరి రెండు పక్కలా ఒకేలా ఉండాలి. ముద్ర ఉన్న వైపు పల్లంగా, బోల్స్టర్‌కు బ్లేడుకు మధ్య అటువైపే ఎక్కువ సందు కనిపిస్తే అక్కడ ఆకురాయి ఆడిందని అర్థం. భూతద్దంతో చూస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. పాత బ్లేడుకు తుప్పు గుంటలు ఉంటాయి. అసలు ముద్రయితే తుప్పు అక్షరాల అంచులను కొరికి ఉంటుంది. తుప్పు గుంటల మీదుగా అక్షరం నున్నగా సాగిపోయిందంటే, తుప్పు పట్టాక కొట్టిన ముద్ర అది.

నంబరుకూ పిడికీ పొంతన ఉందో లేదో కూడా చూడాలి. కేస్ నంబర్లలో మొదటి అంకె పిడి దేనితో చేశారో చెబుతుంది, రెండోది బ్లేడ్లెన్నో చెబుతుంది, మిగిలినవి నమూనా. 6254 అంటే ఎముక పిడి, రెండు బ్లేడ్లు, 54వ నమూనా. అసలైన జింక కొమ్ముకు వాడే అంకె 5. జింక కొమ్ము పిడికి ధర ఎక్కువ. అందుకని ఎముక ఊడదీసి కొమ్ము బిగిస్తారు, బ్లేడు మీద ఆరు మాత్రం అలాగే ఉండిపోతుంది.

పదార్థాల చరిత్ర తెలిస్తే చాలా నకిలీలు అక్కడికక్కడే దొరికిపోతాయి. షెఫీల్డ్‌లో హ్యారీ బ్రేర్లీ తుప్పు పట్టని ఉక్కు తయారుచేసింది 1913లో. స్టెయిన్‌లెస్ బ్లేడుతో విక్టోరియా రాణి కాలపు కత్తి ఉండదు. ఎముకను పోలిన డెల్రిన్ ప్లాస్టిక్ మార్కెట్లోకి వచ్చింది 1960 ప్రాంతంలో. రెండు ప్రపంచ యుద్ధాల మధ్య కాలపు ముద్ర ఉన్న కత్తికి ఆ పిడి ఉందంటే, కనీసం పిడి అయినా కొత్తదే. పొలంలో, అడవిలో వాడే పెద్ద కత్తుల్లో ఇలాంటి మార్పులు మరీ ఎక్కువ. అవి పనిముట్లు, పిడి విరిగితే మార్చుకునేవారు. 1942లో అమెరికా మెరైన్ దళం తీసుకున్న కత్తిని జనం కా-బార్ అంటారు గానీ, యుద్ధకాలంలో దాన్ని చేసింది ఆ బ్రాండు కంపెనీ ఒక్కటే కాదు. కెమిల్లస్, రోబెసన్, పాల్ కూడా చేశాయి. తోలు బిళ్లలు దూర్చిన ఆ పిడి తడికి ముడుచుకుపోయేది, అందుకే పిడి మార్చినవి చాలా కనిపిస్తాయి. దాన్ని నేను మోసం అనను. మార్చామని చెప్పకుండా అమ్మితేనే మోసం.

ఈ మధ్య దశాబ్దాల్లో ఇంకో గందరగోళం కలిసింది, ఇది పూర్తిగా చట్టబద్ధమైనదే. 2004లో ఇంపీరియల్ ష్రేడ్, 2007లో కెమిల్లస్ మూతపడ్డాయి. ఫ్యాక్టరీలు పోయినా పేర్లు అమ్ముడయ్యాయి. కొన్న కంపెనీలు అవే పేర్లతో వేరే దేశాల్లో కత్తులు చేయిస్తున్నాయి. రెమింగ్టన్ 1982లో తన పాత తూటా కత్తిని ఆర్1123 అనే పాత నంబరుతోనే మళ్లీ తెచ్చింది. దాన్ని చేసిచ్చింది కెమిల్లస్. ఆ మళ్లీ చేసిన కత్తులకే ఇప్పుడు నలభై ఏళ్లు దాటి, మరకలు పడి, పాతవాటిలా కనబడుతున్నాయి. రోడ్జర్స్, వోస్టెన్‌హోమ్ గుర్తులు కూడా ఇప్పుడు వేరే సంస్థ చేతిలో ఉన్నాయి. ముద్ర అసలుదే, హక్కూ ఉంది, కానీ అది ఆ పాత కత్తి కాదు.

ఇక సెల్యులాయిడ్ అనే పాతకాలపు ప్లాస్టిక్ పిడుల సంగతి. ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో రంగురంగుల పిడులన్నీ దాదాపు దానితోనే చేసేవారు. కాలం గడిచే కొద్దీ అది లోలోపల కుళ్లి ఆమ్లపు ఆవిరి వదులుతుంది. ఆ ఆవిరికి బ్లేడు పిడి లోపలే తుప్పు పట్టిపోతుంది, అదే పెట్టెలో ఉన్న మిగతా కత్తులు కూడా పాడవుతాయి. పిడి మీద పగుళ్లు, జిగట, ఘాటు వాసన మొదలయ్యాయంటే ఆ కత్తిని వెంటనే వేరు చేసి గాలి తగిలే చోట పెట్టడం తప్ప చేయగలిగింది లేదు. అందుకే కొందరు కుళ్లిన పిడి తీసేసి అదే రంగులో కొత్త ప్లాస్టిక్ వేయించి బ్లేడును కాపాడుకుంటున్నారు. బ్లేడు అసలుది, ముద్ర అసలుది, పిడి నిన్నటిది. ఇలాంటి కత్తిని ఏ ధరకు అమ్మాలి, ఏ పేరుతో చూపాలి అన్న దాని మీద సేకరించేవాళ్లలో ఇప్పటికీ ఏకాభిప్రాయం లేదు. బాగుచేసేవాళ్లు తాము వేసిన పిడి లోపలి వైపు సొంత గుర్తు పెడితే సరిపోతుందని ఒక వాదన ఉంది. కత్తి విప్పితే తప్ప కనబడని గుర్తు వల్ల కొనేవాడికి ఒరిగేదేమిటన్నది రెండో పక్షం ప్రశ్న.