అణచాళిశ అంటే ఎంత? సరిహద్దు ఊళ్ళలో లెక్కల ట్యూషన్ వెనక కథ

ఆంధ్ర సరిహద్దుకి ఆనుకుని ఉన్న ఒడిశా ఊరు పర్లాకిమిడిలో పొద్దుగూకాక ఏ వీధిలో నడిచినా ఒక అరుగు మీదో, వసారాలోనో పదిమంది పిల్లలు చాపల మీద కూర్చుని కనిపిస్తారు. చెప్పేది రిటైరైన మాస్టారు కావచ్చు, బీఎస్సీ అయిపోయి ఉద్యోగం కోసం చూస్తున్న అమ్మాయి కావచ్చు. ఆ మధ్య అలాంటి ఒక అరుగు దగ్గర కాసేపు నిలబడ్డాను.

“అణచాళిశ రాయి” అన్నారు మాస్టారు.

రెండో తరగతి పిల్లాడు పలక మీద 49 వేశాడు.

“కాదురా నాయనా. చాళిశ అంటే ఎంత?”

“నలభై మేస్టారూ.”

“అణ అంటే ఒకటి తక్కువ. నలభైకి ఒకటి తక్కువైతే ఎంత?”

వాడు వేళ్ళ వైపు కూడా చూడకుండా ముప్పై తొమ్మిది అనేశాడు.

వాడికి లెక్క వచ్చు, అంకె పేరే తెలియదు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. తెలుగులో ఇరవై దాటాక అంకెల పేర్లు రాసే వరసలోనే పోతాయి. ముప్పై ముందు, తొమ్మిది వెనక. ఒడియాలో ఒకట్లు ముందు పలుకుతాయి, పదులతో కలిసిపోయి వేరే మాటగా మారతాయి. 22 బాయిశ, 56 ఛపన. తొమ్మిదితో ముగిసేవాటిని పై పదిలోంచి ఒకటి తీసేసి చెబుతారు. 29 అణతిరిశ, 39 అణచాళిశ. నూరు దాకా దాదాపు ప్రతి పేరూ విడిగా నోటికి రావాల్సిందే. పైగా ఒడియా మీడియం లెక్కల పుస్తకంలో అంకెలు కూడా ఒడియా లిపిలోనే ఉంటాయి. వాళ్ళ రెండు, తొందరలో చూస్తే మన 9 లాగే ఉంటుంది.

సంతలో అమ్మ పక్కన కూర్చుని కూరలమ్మే తెలుగు పిల్లలు మాత్రం ఎక్కడా తడబడరు. అక్కడ అణచాళిశతో పనిపడదు. చాళిశ టంకా అంటే నలభై రూపాయలు, పచాశ టంకా అంటే యాభై, అంతే, బేరం తెగిపోతుంది.

అందుకే బడి చదువు కాక లెక్కల ట్యూషన్ కావాలా అని హైదరాబాద్‌లో అడిగినట్టు ఇక్కడ అడిగితే కుదరదు. బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ ఊళ్ళలో ఈ అలవాటు చాలా పాతది.

బరంపురం, పర్లాకిమిడి ఉన్న గంజాం, ఒకప్పుడు బ్రిటిష్ పాలనలోని మద్రాసు ప్రెసిడెన్సీలో జిల్లా. గవర్నర్ థామస్ మన్రో 1822లో ప్రెసిడెన్సీ అంతటా బడుల లెక్క తీయించాడు. 1826 నాటి ఆయన నివేదికలో 12,498 బడులు, 1,88,650 మంది పిల్లలు కనిపిస్తారు. అందులో నాకు ఆసక్తి కలిగించింది మద్రాసు నగరం లెక్క. ఇళ్ళ దగ్గరే చదువుకుంటున్న పిల్లలు 26,963 మంది అని కలెక్టరు రాసి పంపాడు. బడుల్లో ఉన్నవాళ్ళకి దాదాపు ఐదు రెట్లు. ఇందులో ఏదో పొరపాటు ఉండి ఉంటుందని మన్రోకే అనుమానం వచ్చింది. ఆ అంకెని పక్కన పెట్టినా, ఇంటికి పంతుల్ని పిలిపించుకోవడం ఇప్పటి ఫ్యాషన్ కాదని తెలుస్తుంది.

ఆ రోజుల్లో తెలుగువాళ్ళకి వీధిబడి, ఒడియావాళ్ళకి చాటశాళి. ఇక్కడ పంతులు, అక్కడ అబధాన. రెండు చోట్లా లెక్కలంటే ముఖ్యంగా ఎక్కాలు వల్లించడం. ఒడియాలో వాటిని పణికియా అంటారు. అంకెల ఎక్కాలతో పాటు వీసం, పరక, పాతిక, ముప్పాతిక కూడా నోటికి రావాలి. రూపాయికి పదహారు అణాలైనప్పుడు భిన్నాలు రానివాడు కిరాణా కొట్టులో పద్దు రాయలేడు. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చాక ఆ భిన్నాల ఎక్కాలకి పనిలేకుండా పోయింది. నోటి లెక్క సగం చచ్చింది అక్కడేనని నా అనుమానం. ఏదేమైనా వీధిబడి పిల్లాడు ఇంట్లో మాట్లాడే భాషలోనే బడిలోనూ లెక్కపెట్టేవాడు.

పరీక్షలు వచ్చాక సంగతి మారింది. 1857లో మద్రాసు యూనివర్సిటీ, దానితో మెట్రిక్యులేషన్. బరంపురంలో 1878కి కాలేజీ తయారైంది, అదే తర్వాత ఖల్లికోట కాలేజీ. మెట్రిక్ తప్పితే గుమాస్తా ఉద్యోగం లేదు, లెక్కలు తప్పితే మెట్రిక్ లేదు. పొద్దున బడిలో చెప్పిన మాస్టారే సాయంత్రం ఇంటికొచ్చి చెప్పే పద్ధతి ఇలాంటి అవసరంలోంచి పుట్టిందే.

పర్లాకిమిడి అనగానే గిడుగు రామమూర్తి గుర్తుకు రాకుండా ఉండరు. 1880లో ఆయన ఇక్కడి రాజావారి బడిలో మాస్టారుగా చేరారు. వ్యావహారిక భాష కోసం ఆయన చేసిన పోరాటం అందరికీ తెలుసు. మన కథకి కావలసింది అంతకంటే ముందు సంగతి. చుట్టుపక్కల కొండల్లో ఉండే సవరల భాష నేర్చుకుని, సవర పిల్లలకి వాళ్ళ భాషలోనే పుస్తకాలు రాసి, చేతి డబ్బుతో బడులు నడిపించారు. ఇంటి భాష వేరు, బడి భాష వేరు అయితే పిల్లాడికి ఏమవుతుందో ఈ ఊళ్ళోనే ఒక మాస్టారు నూరేళ్ళ కిందటే పట్టుకున్నారు.

1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమైంది. పర్లాకిమిడి జమీందారీ రెండుగా చీలింది. ఊరు ఇటు ఒడిశాలోకి, పాతపట్నం అటు మద్రాసులోకి. గిడుగు ఆ ఏడే రాజమండ్రి వెళ్ళిపోయారు. క్రమంగా బడి భాష ఒడియా అయింది. న్యాయంగా ఒక మాట చెప్పుకోవాలి. అంతకుముందు ఇదే బాధ గంజాంలో ఒడియా పిల్లలు పడ్డారు. కచేరీల్లో, బడుల్లో తెలుగు పెత్తనమేమిటని వాళ్ళ పెద్దలు ఏళ్ళ తరబడి మొరపెట్టుకున్నారు. 1903లో మధుసూదన దాస్ మొదలుపెట్టిన ఒడియావాళ్ళ సంఘం ఉత్కళ సమ్మిళని వెనక ఇలాంటి కోపాలే ఉన్నాయి. సరిహద్దు గీత మారింది, పలక పట్టుకుని బిక్కమొహం వేసే పిల్లాడు మారాడు.

తెలుగు మీడియం బడులు కొన్ని మిగిలాయి కానీ మాస్టార్లు, పుస్తకాలు చాలడం లేదన్న గోడు పాతదే. ఆ బడిలో చదివితే రేపు ఉద్యోగం ఎలా అన్న భయంతో తల్లిదండ్రులు ఒడియా మీడియంలోనో, ఇంగ్లీషు మీడియంలోనో వేస్తారు. సాయంత్రం అరుగు మీద జరిగేది చాలావరకు అదే లెక్కని ఇంటి భాషలో మళ్ళీ చెప్పడం. దానికి ట్యూషన్ అన్న పేరు పడింది.

అసలు ట్యూషన్ వేరే ఉంది. నేను తొమ్మిదిలో ఉండగా మా లెక్కల మాస్టారు క్లాసులో సిద్ధాంతం సగం చెప్పి, మిగతాది ఇంటి దగ్గర చెబుతాననేవారు. ఆ ఇంటికి వెళ్ళాలంటే ఫీజు. మా నాన్న ఇవ్వలేకపోయారు. జామెట్రీ అంటే నాకు ఇప్పటికీ కాస్త కచ్చే. ఇలాంటివాటికి అడ్డం వేస్తూ 2009 విద్యాహక్కు చట్టం 28వ సెక్షన్‌లో బడి టీచర్లు ప్రైవేటు ట్యూషన్ చెప్పకూడదని రాశారు. 2010 నుంచి అమల్లో ఉంది. ట్యూషన్లు మాత్రం తగ్గలేదు. 2025లో కేంద్రం చేయించిన సర్వేలో దేశంలో 27 శాతం మంది పిల్లలు ఆ ఏడాది ప్రైవేటు కోచింగ్‌కి వెళ్తున్నట్టో, వెళ్ళినట్టో తేలింది. తూర్పు రాష్ట్రాల్లో అంతకంటే బాగా ఎక్కువ. 

ట్యూషన్ వల్ల లాభం ఉందా అంటే, వెనకబడ్డ పిల్లలకి తప్పకుండా ఉంది. 2001 నుంచి 2003 దాకా వడోదర, ముంబైల్లో ప్రథమ్ సంస్థ మూడు, నాలుగు తరగతుల్లో వెనకబడిన పిల్లల్ని రోజూ రెండు గంటలు విడిగా కూర్చోబెట్టి, అదే బస్తీ అమ్మాయిల చేత చెప్పించింది. మార్కులు పెరిగాయి. ఈ పని చేసింది బడి వేళల్లోనే, ఫీజు లేకుండా. పర్లాకిమిడి ఒడియా బడిలో ఒకటి, రెండు తరగతుల్లో తెలుగు వచ్చిన ఒక అమ్మాయిని పెడితే సాయంత్రం ట్యూషన్లు సగం అక్కర్లేదని నా లెక్క. తొమ్మిది, పది వాళ్ళ సంగతికి ఇది మందు కాదు.

అరుగు దగ్గర నేను కదలబోతుంటే మాస్టారు ఇంకో అంకె అడిగారు. “49 ఒడియాలో చెప్పు.”

పిల్లాడు ఒక్క క్షణం ఆలోచించాడు. పచాశకి ఒకటి తక్కువ. “అణపచాశ!”

మాస్టారు నవ్వేశారు. “నీ లెక్క సరిగ్గానే ఉందిరా. వాళ్ళు మాత్రం అణచాశ అంటారు.”